అక్క మాట మీద కొన్న మౌస్

అక్క చనిపోయిందన్న కబురు నాకు చెప్పింది, నిజామాబాదులో ఆమె నెట్ సెంటర్ కింద జిరాక్స్ దుకాణం నడిపే ఆయన. సొంత అక్క కాదు, ఆ సెంటర్‌కు వచ్చే అందరికీ ఆమె అక్కే. వానాకాలం. బోధన్‌లో మా ఫోటో స్టూడియో షట్టర్ అప్పుడే ఎత్తి, లోపలికి కొట్టిన జల్లు తుడుస్తున్నాను. ఫోన్లో ఆయన ఎక్కువ మాట్లాడలేదు. విషజ్వరమట, మూడు రోజులు దవాఖానలో ఉందట, తెల్లవారి పోయిందట, మధ్యాహ్నం మట్టి చేస్తారట. ఫోన్ పెట్టేశాక నాకు ఆమె ముఖం గుర్తుకు రాలేదు. చెయ్యి గుర్తుకొచ్చింది.

ఎవరైనా కొత్తగా వచ్చి మౌస్ సరిగ్గా నడవడం లేదంటే ఆమె మౌస్ వైపు చూసేది కాదు. "చెయ్యి సూపియ్యి" అనేది. వాళ్లు బిత్తరపోయి చెయ్యి చాపితే తన అరచెయ్యి దానికి ఆనించి, వేళ్ల పొడుగు చూసి, ఫలానా కంప్యూటర్ దగ్గర కూర్చోమనేది. ఆ సెంటర్లో మౌసులు అన్నీ ఒక తీరువి కావు. కొన్ని కింద బంతి తిరిగే పాతవి, కొన్ని ఎర్ర లైటువి, కొన్ని చిన్నవి, కొన్ని తాబేలు డిప్పలా ఉబ్బినవి. ఏ చేతికి ఏది పడుతుందో చూసి కూర్చోబెట్టడం ఆమెకు అలవాటు. కాలేజీ పిల్లలు అక్క చెయ్యి చూసి జాతకం చెప్తుందని వెనక నవ్వుకునేవాళ్లు. ఆమెకు ఆ మాట తెలుసు. తెలిసినా చెయ్యి చూడడం మానలేదు.

ఖలీల్‌వాడి దవాఖానల సందులో మొదటి అంతస్తు మీద ఒక పొడుగాటి గది అది. అంతకుముందు అదే గదిలో ఆమె చాలా ఏళ్లు టైపు నేర్పింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి కానీ బల్లలు అవే. మధ్యలో ప్లైవుడ్ చెక్కలు అడ్డం కొట్టించింది. కరెంటు పోతే బల్లల కింది యూపీఎస్ డబ్బాలన్నీ ఒకేసారి కుయ్యిమనేవి. ఆమె లేచి, ఎవరి పని ముఖ్యమో చూసి, మిగతావాళ్లను ఆపేయమనేది. పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్ల ముందు, తుపాకుల ఆట ఆడే పిల్లగాడు తర్వాత. ఎవరైనా గంటలు గంటలు కూర్చుంటే దగ్గరికి వచ్చి, "కండ్లల్ల నీళ్లు కొట్టుకో పో" అనేది. వాళ్లు ముఖం కడుక్కొని వచ్చేసరికి కుర్చీలో ఇంకొకరు ఉండేవాళ్లు.

నేను ఆ మెట్లెక్కడం మొదలుపెట్టింది రెండువేల నాలుగు, అయిదు ప్రాంతంలో. అప్పటికి మా దగ్గర పెళ్లి ఆల్బములు కంప్యూటర్ మీద తయారుచేసుకునే కాలం వచ్చింది. బోధన్‌లో డిజైన్ చేసుకొని, సీడీలో వేసుకొని నిజామాబాదు ల్యాబుకు తెచ్చేవాణ్ని. ప్రింట్లు వచ్చేదాకా కూర్చునే చోటు లేక అక్కడికి పోయేవాణ్ని. మెయిల్ చూసుకోవడానికని ఎక్కినవాణ్ని ఆ తుపాకుల ఆటలో పడ్డాను. పెళ్లయి బిడ్డ పుట్టినవాణ్ని, ఇంటర్ పిల్లల చేతిలో పోయినప్పుడల్లా చచ్చేవాణ్ని. అక్క కూడా ఆడేది. తెల్లటి నూలు చీర, మెడలో సన్నటి శిలువ, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. పక్క గదిలో ఆడుతున్న పిల్లలకు తెరమీద తమను కాల్చింది ఎవరో తెలిసేది కాదు. చెక్క మీదినుంచి తొంగి చూస్తే అక్క తల కనిపించేది. ఆమె ఆటలో ఉరికేది కాదు. ఒక మూల చూసుకొని కదలకుండా ఉండేది. ఎదుటివాడే ఓపిక లేక బయటికి వచ్చేవాడు.

ఆమె మాట తీరు కూడా అలాగే ఉండేది. ఏ వస్తువు గురించి అడిగినా ముందు చెడు చెప్పేది. మంచి చివరన, ఒక్క ముక్కలో. వాడని వస్తువు గురించి ఏమీ చెప్పేది కాదు. "నేను వాడలే, నాకెరుక లేదు" అంటే ఇక ఆ సంగతి అక్కడితో సరి. కింద మందుల దుకాణంలో కూర్చునే ముసలాయన ఒకసారి చాయ్ తాగుతూ, పెళ్లెందుకు చేసుకోలేదు తల్లీ, పెళ్లి మంచిదా చెడ్డదా అని వేళాకోళం చేశాడు. ఆమె గ్లాసు కింద పెట్టి అదే మాట అన్నది. సెంటర్ అంతా నవ్వింది. ఆ ఒక్కసారి ఆమె కూడా నవ్వింది.

ఆ తీరు వల్లనే ఊళ్లో ఆమె మాటకు విలువ వచ్చింది. కంప్యూటర్ కొనేవాళ్లు, ప్రింటర్ కొనేవాళ్లు, పిల్లకు కీబోర్డ్ కొనేవాళ్లు దుకాణానికి పోయే ముందు ఆ మెట్లెక్కేవాళ్లు. ఆమె తనకు తెలిసింది చెప్పి పంపేది. ఎక్కడ కొనాలో మాత్రం చెప్పేది కాదు, తమ్ముడు దుకాణం పెట్టేదాకా.

తమ్ముడు ఆమెకంటే చాలా చిన్నవాడు. తల్లిదండ్రులు ముందూ వెనకా పోతే ఆమే పెంచింది. ఇంట్లో పేరు ఏదైనా ఆమె నోట చిన్నా అనే వచ్చేది. కొన్నేళ్లు దుబాయిలో ఉండి వచ్చి, బోధన్ రోడ్డు మీద కంప్యూటర్ సామాన్ల దుకాణం తెరిచాడు. మంచి మాటకారి. ఎదురుగా ఎవరున్నా వాళ్ల భాషలో మాట్లాడేవాడు. మన తెలుగు, ఉర్దూ, దెగ్లూరు దిక్కు నుంచి వచ్చినవాళ్లతో మరాఠీ. చాయ్ తాగకుండా ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. అతను తెచ్చిన గేమింగ్ మౌస్ ఒకటి అక్కకు ఇచ్చి, వాడి చూసి చెప్పమన్నాడు.

నిజామాబాదులో అలాంటిది మేము అంతవరకు చూడలేదు. నల్లగా, బరువుగా ఉండేది. పక్కల రబ్బరు పట్టు, బొటనవేలి దగ్గర రెండు బటన్లు, నడుమ ఇంకో చిన్న బటన్. అది నొక్కితే తెర మీద బాణం వేగం మారేది. వైరుకు గుడ్డ అల్లిక. అక్క దాన్ని ఒక నెల దాకా ఎవరికీ చెప్పకుండా వాడింది. తర్వాత ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఆడమన్నది. అందరూ ఎగబడ్డారు. ఎట్లా ఉంది అక్కా అని అడిగితే ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

"అందరికి పనికిరాదు. చిన్న చెయ్యి ఉన్నోళ్లకు మణికట్టు గుంజుతది. గీ పక్క బటన్ మీద బొటనేలు ఊకె వడ్తది, అలవాటయ్యేదాక కోపమొస్తది. అద్దం బల్ల మీద నడ్వదు, కింద బట్ట వెయ్యాలె. గని ఆగుమన్నకాడ ఆగుతది."

ఆ చివరి మాట నా పనికి కావలసిన మాట. పెళ్లి ఫోటోలో పెళ్లికూతుర్ని వెనక ఉన్న టెంటు నుంచి, చుట్టాల నుంచి వేరుచేసి కత్తిరించాలి. జుట్టు పక్కల, పూల పక్కల చుక్క చుక్కగా గీత పట్టుకుపోవాలి. చెయ్యి ఒణికితే చెవి పోతుంది, ముక్కుపుడక పోతుంది. నేను అక్క సెంటర్లో ఆ మౌస్‌తో ఒక ఫోటో కత్తిరించి చూశాను. మామూలుగా సగం పూట పట్టే పని చాయ్ చల్లారేలోపు అయింది. ఎక్కడ దొరుకుతుందని అడిగాను. చిన్నోని దుకాణంలో అన్నది.

ఆ వారమే కొన్నాను. డబ్బా అదే, బొమ్మ అదే. తమ్ముడు దాన్ని రెండు చేతులతో అందిస్తూ, అక్క వాడేదే అన్నా ఇది, వేరే ఏం చూడకు అన్నాడు.

మొదటి పది, పదిహేను రోజులు బాగానే ఉంది. తర్వాత ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు కాసాగింది. బాణం నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెర మూలకు ఎగిరిపోయేది. అప్పుడు రుద్రూర్ దగ్గర ఒక చెరుకు రైతు ఇంటి పెళ్లి ఆల్బం చేస్తున్నాను. పెళ్లికూతురి చుట్టూ ముప్పాతిక దాకా గీత పట్టుకొని వస్తే బాణం ఎగిరి గీత తెగిపోయేది. మళ్లీ మొదటికి. మౌస్ తప్పు అని నాకు తోచనే లేదు. అక్క బాగుందని చెప్పింది కదా. కింద బట్ట మార్చాను. బల్ల మార్చాను. చివరికి కంప్యూటర్‌నే పూర్తిగా తుడిచి మళ్లీ అన్నీ ఎక్కించాను. దాంతో సగం చేసిన ఆల్బం కూడా పోయింది. ఎండలు ముదిరాక రబ్బరు పట్టు కరిగి జిగురయింది. పని ముగించి చూసుకుంటే బొటనవేలికి నల్లటి మసి. ఆ చేత్తోనే ముట్టుకున్న నమూనా ప్రింటు మీద, పెళ్లికొడుకు తెల్ల చొక్కా పక్కన, నా వేలి ముద్ర పడింది. రైతు దాన్ని చూసి, పెళ్లిని ఇట్ల ఖరాబు చేస్తివేంది అన్నాడు. ఆయన ఆల్బం వేరే స్టూడియోకు ఇచ్చుకున్నాడు. చుట్టుపక్కల పెళ్లిళ్లు ఆయన ఇంటిని చూసే నడిచేవి. ఆ ఏడు ఆ దిక్కు నుంచి నాకు ఒక్క పెళ్లి రాలేదు.

అప్పుడు అక్క మీద అనుమానం వచ్చింది. తమ్ముని దుకాణం కాబట్టి బాగుందని చెప్పిందేమో. అన్ని చెడ్డ గుణాలు చెప్పింది కూడా మనం నమ్మడానికేనేమో. బస్సులో నిజామాబాదు దాకా ఇదే ఆలోచన. మెట్లెక్కి, మౌస్ ఆమె బల్ల మీద పెట్టాను.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూడకముందే ముఖం మారింది. ఎడమ చేతిలో తన మౌస్, కుడి చేతిలో నాది పెట్టుకొని బరువు చూసింది. తర్వాత రెండూ నా చేతుల్లో పెట్టింది. నాకు కూడా తెలిసింది. నాది సగం బరువు లేదు.

"ఇది అది కాదు తమ్మీ" అన్నది.

తన మౌస్ కంప్యూటర్ నుంచి ఊడదీసి, కాగితంలో చుట్టి నా సంచిలో వేసింది. వద్దంటే వినలేదు. నీ పని ఆగద్దు అన్నది. ఆ రోజు పిల్లలు ఇంకా ఆడుతుండగానే సెంటర్ జిరాక్స్ ఆయనకు అప్పజెప్పి, నన్ను వెంట రమ్మని బోధన్ రోడ్డుకు నడిచింది. దారిలో ఒక్కసారే ఆగింది. తన మీద శక్ వచ్చిందా అని అడిగింది. వచ్చిందని చెప్పాను. రావాలె అన్నది. మళ్లీ నడిచింది.

దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. తమ్ముడు లేచి స్టూలు తుడిచి అక్కను కూర్చోమన్నాడు, చాయ్ చెప్పాడు. ఆమె కూర్చోలేదు. గిరాకీలు పోయేదాకా గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడింది. వాళ్లు పోయాక నా సంచిలోంచి అసలు మౌస్ తీయించి, రెండూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టింది. నాకిచ్చింది ఏది, ఈయనకు అమ్మింది ఏది అని అడిగింది.

అతను లాటులో ఒకటీ రెండూ ఖరాబువి వస్తాయన్నాడు. మార్చి ఇస్తానన్నాడు. నా దిక్కు తిరిగి, ముందే నా దగ్గరికి రావొద్దా అన్నా, అక్కకు ఎందుకు తిప్పలు అన్నాడు మెత్తగా. ఆమె ఆ మాటలేవీ విననట్టు వెనక అరలోంచి ఒక డబ్బా తీసి విప్పింది. చేతిలో పట్టుకొని చూసి పక్కన పెట్టింది. ఇంకోటి విప్పింది. ఇంకోటి. అన్నీ తేలికవే. కౌంటర్ మీద ఖాళీ డబ్బాలు పడుతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు నేను అబద్ధం చెప్పలే అక్కా" అన్నాడు. "నీకిచ్చింది అసలుదే. నకిలిది ఇస్తే నువ్వు పట్టేస్తవు. నువ్వు బాగలేదంటే ఊర్ల ఎవ్వడు కొనడు. నువ్వు నిజం చెప్పాలెననే నీకు నిజందిచ్చిన."

నేరం ఒప్పుకుంటున్నవాడి గొంతు కాదు అది. ఆమె అంటే తనకు ఎంత గౌరవమో చెబుతున్నట్టుంది. తన వల్ల ఆమె నోట ఒక్క అబద్ధం రాలేదు కదా, ఇంకేం కావాలి అన్నట్టుంది అతని చూపు. నేను అక్కను చూశాను. కొట్టినా అంత దెబ్బ తగిలి ఉండేది కాదు.

"నా నోట్ల నిజం వెట్టి, వాళ్ల డబ్బల అబద్ధం వెట్టినవా చిన్నా" అన్నది. గొంతు పెంచలేదు. చాయ్ వచ్చింది. ముగ్గురిలో ఎవరూ తాగలేదు.

అమ్మినవన్నీ వాపసు తీసుకోమని ఆమె అడిగింది. అతను సరే అన్నాడు. దసరా పండుగ లోపల అందరికీ మార్చి ఇస్తానని ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. ఆమె తల పక్కకు తీసుకుంది.

ఆ తర్వాత సెంటర్‌కు వచ్చిన ప్రతివాళ్లకు ఆమె ఆ మౌస్ ఇప్పుడు కొనొద్దని చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. తమ్ముడు మాట నిలబెట్టుకుంటాడని ఎదురుచూసింది. అతను నాకు మాత్రం మనిషితో కబురు పంపాడు, వచ్చి వేరే పీసు తీసుకుపొమ్మని. నేను పోలేదు. ఎండాకాలం పోయింది, వానలు పోయినై. ఒకరోజు నేను సెంటర్లో ఉండగానే జక్రాన్‌పల్లిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే ఒకాయన సంచి నిండా మౌసులు తెచ్చి ఆమె ముందు కుమ్మరించాడు. దసరాకు కొన్నాడట. అన్నీ రెండేసిసార్లు నొక్కుకుంటున్నాయట. నేను మీకేమన్న చెప్పిననా అని అడిగింది అక్క. ఆయన, మీరు చెప్పలేదమ్మా, మీ తమ్ముడే చెప్పిండు, మా అక్క దగ్గర ఉన్నది ఇదే, అనుమానముంటె పోయి అడిగి రా అన్నడు, అంత గట్టిగ అన్నడని నేను అడగనే లేదు అన్నాడు.

అంటే తాను నోరు మూసుకొని కూర్చున్నా ఆమె మాట అమ్ముడుపోతూనే ఉంది. ఆ మధ్యాహ్నం ఆమె మౌసులన్నీ మళ్లీ సంచిలో సర్ది ఆయనకు ఇచ్చి, తన కుర్చీలో కూర్చొని ఆటలో దిగింది. మొదటిసారి ఆమె మూలలో ఆగకుండా ఉరకడం చూశాను. పిల్లలు వరసగా కాల్చేశారు. ఎవరూ నవ్వలేదు.

వాళ్ల చర్చిలో కోత పండుగ వచ్చింది. ఫోటోలకు నన్ను పిలవమని ఆమే పెద్దలకు చెప్పిందట. ఊరి చివర చిన్న చర్చి. గుంజలకు చెరుకు గడలు కట్టారు. పసుపు కొమ్ముల గుత్తులు, గుమ్మడికాయలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు ముందు వరసలో పెట్టారు. తమ్ముడు భార్యాపిల్లలతో ముందర కూర్చున్నాడు. ఆ ఏడు చర్చికి ఫ్యాన్లు ఇచ్చింది అతనే. పాటలయ్యాక సాక్ష్యం చెప్పేవాళ్లు లేవమన్నారు. ఒక ముసలామె తన మోకాలి నొప్పి తగ్గిన సంగతి చెప్పింది. దుబాయి పోయిన కొడుకు క్షేమంగా ఉన్నాడని ఒకాయన చెప్పాడు. తర్వాత అక్క లేచింది. ఆమె ఎన్నడూ సాక్ష్యం చెప్పే మనిషి కాదట. నా పక్కన ఉన్నవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు.

నేను కెమెరా ఎత్తి పెట్టుకొనే ఉన్నాను. ఆమె మైకు పట్టుకుంది. కుడి చెయ్యి కొంచెం లేపి, మెటికల మీద చీరకొంగు పడుతుంటే తీసేసుకుంటూ మాట్లాడింది.

"మా తమ్ముని దుకాణంల మౌస్ మంచిదని నేను శానమందికి చెప్పిన. నేను వాడింది మంచిదే. మీకు అమ్మింది అది కాదు. నా మాట మీద కొన్నోళ్లు వాపస్ ఇయ్యిండ్రి. అప్పుడు తెల్వక చెప్పిన. ఇప్పుడు తెలిసి ఊకుంటే అబద్ధం నాదైతది."

అంతే. కూర్చుంది. సగం మందికి ఆమె దేని గురించి చెప్పిందో అర్థం కాలేదు. ఒక అవ్వ పక్కనామెను, ఎలుకనా అని అడగడం నాకు వినిపించింది. పాస్టర్ గబగబా పాట ఎత్తుకున్నారు. తమ్ముడు తల ఎత్తి తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. అతని భార్య పాట మధ్యలోనే పిల్లలిద్దర్నీ లేపుకొని బయటికి పోయింది. పోతూ పోతూ చిన్న పిల్ల అక్క దగ్గరికి వెళ్లబోతే రెక్క పట్టి లాగింది. నేను తీసిన ఫోటోల్లో అక్క ఉన్నది ఒక్కటే. మైకు పట్టుకొని నిలబడ్డది.

ఆ తర్వాత జరిగింది తలకిందులుగా జరిగింది. ఇద్దరు పెద్దలు సెంటర్‌కు వచ్చి, ఇంటి సంగతి దేవుని మందిరంలో ఎందుకు పెట్టావని ఆమెనే మందలించారు. అన్యాయం చేసినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. కొన్నవాళ్లలో వాపసు ఇచ్చినవాళ్లు నలుగురైదుగురు. మిగతావాళ్లు పడేసి ఊరుకున్నారు. తమ్ముడు ఆమె ఇంటికి రావడం మానేశాడు. పిల్లలను రానివ్వలేదు. మరుసటి ఏడు ఆమె సెంటర్ ఉన్న సందు మొదట్లోనే ఏసీ పెట్టి, మెత్తటి కుర్చీలు వేసి పెద్ద గేమింగ్ సెంటర్ తెరిచాడు. కాలేజీ పిల్లలు అటు పోయారు. ఆమె చెయ్యి కొలిచి కూర్చోబెట్టినవాళ్లే, ఆమె మెట్ల ముందునుంచే నడిచి పోయారు. కొందరు తల దించుకొని పోయేవాళ్లు, కొందరు అదీ లేదు. ఆమె కోర్టు కాగితాలు, అర్జీలు టైపు చేస్తూ బతికింది. చెక్క గదులు ఒకటొకటే ఖాళీ అయినై. అయినా పొద్దున్నే అన్ని కీబోర్డులూ తుడిచేది.

నేను మాత్రం ప్రింట్లకు వచ్చినప్పుడల్లా పోయేవాణ్ని. ఇద్దరమే ఆడేవాళ్లం. ఒకసారి ఉండబట్టలేక తమ్ముని సంగతి ఎత్తాను. ఎట్లాంటివాడు అక్కా అతను, చిన్నప్పటి నుంచి ఇంతేనా అన్నాను. ఆమె ముందు చెడు చెప్తుందనుకున్నాను. చెప్పలేదు.

"చిన్నప్పుడు నాకు జరమొస్తే మంచం ఇడిసేటోడు కాదు" అన్నది. "బడి ఎగ్గొట్టి పక్కన కూసునేటోడు. తడి బట్ట వేసుడు, తీసుడు. వాడు మంచోడే తమ్మీ."

మిగతాది చెప్తుందేమోనని చూశాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కరెంటు పోయింది. డబ్బాలు కుయ్యిమన్నాయి. లేచి పోయి అన్నీ ఆపేసింది.

ఆమెను మట్టి చేసిన రోజు నేను చేరేసరికి వాన తెరిపిచ్చింది. తమ్ముడు పెట్టె ఒక మూల పట్టుకొని నడుస్తున్నాడు. చెప్పుల్లేవు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. నటన కాదని నాకు తెలుస్తూనే ఉంది. దవాఖానలో మూడు రోజులూ అతనే ఉన్నాడని జిరాక్స్ ఆయన చెప్పాడు. ఆమె అతనితో మాట్లాడిందా అని అడిగితే, మాట్లాడే స్థితిలో లేదన్నాడు. నాకు అతని మీద కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు. అతను నన్ను చూసి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చాడు. నేను కూడా ఏడ్చాను.

వారం తిరిగాక ఫోన్ చేశాడు. అక్క జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామన్నా, ఇంట్లో ఒక్క మంచి ఫోటో లేదు, నీ దగ్గర ఉంటే పెద్దగా చేసి ఇయ్యి అన్నాడు. నా దగ్గర ఉన్నది చర్చిది ఒక్కటే. అది ఎప్పటి ఫోటోనో అతనికి తెలియకుండా ఉండదని అనుకున్నాను. అదే ఉంది అన్నాను. అదే ఇయ్యమన్నాడు. వెనక ఉన్న చెరుకు గడలు, ఫ్యాన్లు, జనం అంతా తీసేసి, చేతిలో మైకు కూడా తీసేసి, ఆమెను ఒక్కదాన్నే కత్తిరించాను. ఆమె ఇచ్చిన మౌస్‌తోనే కత్తిరించాను. రోజంతా పట్టింది, పని కష్టమై కాదు. లేత నీలం రంగు వెనక వేసి, ఫ్రేము కట్టించి, మనిషి చేత పంపించాను. అతను అడిగితే సీడీ కూడా ఇచ్చాను.

తర్వాత పనులు పడి ఆరేడు నెలలు నిజామాబాదు పోలేదు. పోయినప్పుడు బస్సు బోధన్ రోడ్డు మీద మెల్లగా పోతుంటే కిటికీలోంచి చూశాను. తమ్ముని పాత దుకాణం, పక్క దుకాణం కూడా కలుపుకొని రెండింతలైంది. పైన కొత్త బోర్డు. పాత పేరు తీసేసి అక్క పేరు పెట్టాడు, మనిషంత అక్షరాల్లో. పేరు పక్కన నేను కత్తిరించి ఇచ్చిన అక్క ఫోటో. లేత నీలం వెనక, కుడి చెయ్యి కొంచెం లేపి, మెటికల మీద చీరకొంగు. తెలియనివాళ్లకు అందరినీ లోపలికి రమ్మని పిలుస్తున్నట్టు ఉంటుంది. కింద ఇంకో వరస రాయించాడు: మా అక్క మాటే మా దుకాణం మాట.

బస్సు ఆపించి దిగాను. అతను కౌంటర్ దగ్గర ఒక ఆడపిల్లకు, ఆమె తండ్రికి ఏదో చూపిస్తున్నాడు. ఆ తండ్రి చేతిలో పెట్టె అటూ ఇటూ తిప్పుతూ అనుమానంగా చూస్తున్నాడు. తమ్ముడు వేలు పైకి చూపించి, అక్క పేరు మీద పెట్టుకున్న దుకాణం, అబద్ధం చెప్తనా కాకా అన్నాడు. ఆయన పెట్టె సంచిలో వేసుకున్నాడు.

నన్ను చూసి తమ్ముడు బయటికి వచ్చాడు. బోర్డు వైపు చూపించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎట్లున్నది అన్నా? అక్క మన మధ్యలనే ఉన్నట్టు లేదా?"

ఆ ఫోటో తీసేయమని అడిగాను. అతనికి అర్థం కాలేదు. రంగు బాగా రాలేదా, మళ్లీ వేయిద్దామా అన్నాడు. ఆ రోజు చర్చిలో ఆమె ఏం చెబుతుండగా తీసిన ఫోటోనో నీకు యాది లేదా అన్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, పోయినోళ్ల మీద పాతవి మనసుల వెట్టుకోవద్దు అన్నా, నేనెప్పుడో మాఫ్ చేసిన అన్నాడు. లోపల ఎవరో పిలిస్తే, చాయ్ తాగి పొమ్మని చెప్పి పోయాడు.

ఇది చదివినవాళ్లలో నిజామాబాదువాళ్లు ఉంటే ఆమె ఎవరో పోల్చుకుంటారు. ఇంత రాసి పేరెందుకు రాయలేదని అడుగుతారు. ఆ పేరు ఇప్పుడు ఆ దుకాణానిది. ఇక్కడ రాస్తే దానికి దారి చూపినట్టవుతుంది. ఫోటో ఎలాగూ ఇచ్చాను. పేరు ఇవ్వను.